రాణి ఆగిన మలుపు

డిపోలో ఆయన్ని అందరూ నిదానం అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల కిటికీ దగ్గర తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. స్టీరింగు మీద చెయ్యి వేశాడంటే మొదటి మలుపు నుంచి చివరి మలుపు దాకా "నిదానం, నిదానం" అని గొణుగుతూనే ఉండేవాడు. బస్సుకు చెప్తున్నాడో తనకు చెప్పుకుంటున్నాడో వెనక కూర్చున్నవాళ్ళకు అంతుపట్టేది కాదు. అలాగని ఆయన బండి ఆలస్యమైన రోజూ లేదు.

కింద పట్నం నుంచి కొండ మీది ఊరికి పోయే ఘాట్ రోడ్డు ఆయన దారి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ డ్యూటీ ఎవరికీ గిట్టక ఈయన నెత్తిన పడేశారు. తర్వాత చదును దారి ఇస్తామన్నా పుచ్చుకోలేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో మేఘమో మంచో తేలని తెల్లదనం. అందులోకి బస్సు దూరాక చక్రాలు నేల మీదే ఉన్నాయన్న నమ్మకం ఒక్కటే మిగిలేది. ఆ నమ్మకం ఆయనకు అరికాళ్ళలో ఉండేది.

ఆ దారి పొడవునా అక్కడక్కడ రోడ్డు పక్కన నడుమెత్తు రాళ్ళు పాతి ఉండేవి. ఒకప్పుడెవరో చరిత్ర మీద మక్కువ గల పెద్దలు సంఘంగా కూడి, ఏ చోట ఏం జరిగిందో ఆరా తీసి, నల్లరాతి పలకల మీద చెక్కించి నిలబెట్టారు. పైన శీర్షిక పెద్ద అక్షరాల్లో, కింద అసలు సంగతి చిన్న అక్షరాల్లో. నడిచి పోయేవాళ్ళు ఆగి చదువుకుంటారని పెట్టిన రాళ్ళవి. అవి పెట్టేనాటికే ఆ దారిన నడిచి పోయేవాళ్ళు కరువయ్యారు. బస్సులోంచి చూసేవాళ్ళకు శీర్షిక కంటబడేలోపే రాయి వెనక్కి పోయేది. కింది అక్షరాలు చీమల బారులా కదిలి మాయమయ్యేవి.

అలా నిదానానికి శీర్షికలన్నీ కంఠతా వచ్చాయి. ఉప్పు వంతెన. గంట దొరికిన చోటు. రాణి ఆగిన మలుపు. వాటి కింద ఏముందో మాత్రం తెలియదు. తెలియని చోట ఆయన మనసు ఊరుకునేది కాదు. రోడ్డు మీద కళ్ళు రోడ్డు మీదే ఉండగా, లోపల ఎక్కడో ఇంకో బండి కదిలేది. ఉప్పు వంతెన మీద వర్తకుడి బండి బోల్తాపడి ఏరంతా ఉప్పగా మారిపోయేది. కింది పల్లెల్లో ఆడవాళ్ళు నెల్లాళ్ళ పాటు కూరలో ఉప్పు వేసుకునేవారు కారు. ఇక రాణి సంగతి సరేసరి. ఆమెకోసం ఆయన ఏళ్ళ తరబడి మలుపు మలుపునా కొంచెం కొంచెం కూర్చాడు.

రాణి పల్లకీ దిగి, దాహమేసి, కడవతో పోతున్న ఒక మనిషిని నీళ్ళడిగింది. ఆ మనిషి ఆమెను ఎగాదిగా చూసి, "ఊట అదిగో, చేతుల్లేవా నీకు?" అంది. పుట్టి బుద్ధెరిగాక రాణిని అంత మాట అన్నవాళ్ళు లేరు. ఆమె వంగి, దోసిలి పట్టి, తన నీళ్ళు తాను తాగింది. అంత తియ్యటి నీళ్ళు ఎన్నడూ తాగలేదనుకుంది. మూడు రోజులు ఆ కడవ మనిషి ఇంట్లోనే ఉండి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది.

ఈ కథలు ఆయన ఇంట్లో కూతురికి చెప్పేవాడు. బస్సులో చెప్పింది మాత్రం కండక్టరు. అతన్ని డిపోలో రేడియో అనేవారు, ఎందుకో చెప్పక్కర్లేదు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఇంజను పక్కన నిలబడి ఒకనాడు ఆయన నోట రాణి కథ విన్నాడో లేదో, మర్నాటి నుంచి ఆ మలుపు రాగానే రేడియో టిక్కెట్లు కొట్టడం ఆపి, "అయ్యా, అమ్మా, ఎడంపక్క చూడండి! రాణిగారు దోసిలి పట్టిన చోటు!" అని మొదలెట్టేవాడు. జనం నవ్వేవారు. వాంతి వస్తున్నవాళ్ళు కూడా కాసేపు ఆపుకునేవారు.

ఇలా ఆయన సర్వీసంతా గడిచింది. చివరి డ్యూటీ నాడు ఆ మలుపు దగ్గర కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయింది. ఎవరో "ఏమైంది?" అని అరిచారు. వెనకనుంచి రేడియో డబుల్ బెల్లు కొట్టాడు. కాలు తిరిగి యాక్సిలరేటరు మీదికి వచ్చింది. రాయి ఎప్పటిలాగే వెనక్కి పోయింది.

ఉద్యోగం అయిపోయినా కాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. మధ్యాహ్నం నడుం వాలిస్తే కుడికాలు బ్రేకు తొక్కేది, ఎడంకాలు క్లచ్చి వెతికేది.

"ఈ మంచానికి బ్రేకుల్లేవండీ. తన్నులు తినేది నేను," అంది భార్య.

ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేసేది. అద్దాన్ని చట్రానికి సరిపోయేలా అంచులు అరగదీసి బిగించడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎదుటివాడికి తల తిరుగుతుందని ఆమెకు తెలుసు కాబట్టి, మాట కూడా అలాగే కొలిచి వేసేది.

"ఇన్నేళ్ళు అటు పోయారు. ఒక్క రాయి, ఒక్కటంటే ఒక్కటి చదివారా?"

"అది బండి ఆపితే వెనక్కి జారే ఎత్తు. ఎలా చదవమంటావు?"

"మరి సెలవు రోజుల్లో?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"చదివితే మీ రాణి చచ్చిపోతుందని భయం. నాకు తెలీదా?" అని, "ఈసారి నా సెలవుకు ఇద్దరం పోదాం. నేను చదువుతా, మీరు కళ్ళు మూసుకోండి," అంది.

తన బస్సులో తాను ప్రయాణికుడిగా ఎక్కడం ఆయనకు చిత్రంగా ఉంది. స్టీరింగు ముందు ఎవరో కొత్త డ్రైవరు. రేడియో మాత్రం వాడే. "బావా! అక్కయ్యా! రాణిగారి దర్శనానికేనా?" అని బస్సంతా వినపడేలా పలకరించి, ఆ మలుపు దాటాక చదును చోట దింపాడు. బస్సు వెళ్ళిపోయింది. దాని చప్పుడు కొండ చుట్టూ తిరిగి, సన్నగిల్లి, పోయింది.

అప్పుడు నిదానానికి తెలిసింది, ఆ చోటు ఆయన ఎన్నడూ చూడలేదని. తను చూసింది రోడ్డు. ఇక్కడ రోడ్డు కాక ఇంత ఉంది. రాతి సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తడి మట్టి వాసన. మంచు నడిచొచ్చినట్టుగా వచ్చి, ఇద్దరి మధ్యనుంచి పోయి, లోయలోకి దిగిపోతోంది. భార్య రెండడుగులు ముందుకు వేస్తే ఆమె వీపు మసకబారి, మళ్ళీ కనపడింది. మలుపు వెనక నాలుగు రేకుల ఇళ్ళు, వాటి వెనక ఇంకొన్ని. ఈ పల్లె మీదుగా ఆయన బస్సు వేల సార్లు పోయింది. ఇక్కడ పల్లె ఉందని తెలుసు. ఇళ్ళకు తలుపులుంటాయని మాత్రం తోచలేదు.

రాయి ముందు నిలబడి ఆమె గట్టిగా చదివింది.

"ఈ కొండదారిన నడిచిన మొదటి మోటారు బస్సును జనం రాణి అని పిలిచేవారు. తొలి ప్రయాణంలోనే జోరువానలో ఈ మలుపు వద్ద ఇంజను ఆగిపోయింది. ప్రయాణికులు బస్సులోనూ, పక్కనున్న గుహలోనూ తలదాచుకున్నారు. వాన వెలిశాక చుట్టుపక్కల వారు తాళ్ళు కట్టి బస్సును కొండ మీదికి లాగారు. ప్రయాణికులలో కొందరు ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. ఈ పల్లె అలా వెలిసింది. బస్సు నడిపిన డ్రైవరు పేరు తెలియరాలేదు."

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆమె చదవడం అయిపోయాక కూడా తెరవలేదు.

"రాణి అంటే బస్సటండీ," అందామె మెల్లగా, దెబ్బ తగిలిన చోట చెయ్యి వేసినట్టు.

"చివరి ముక్క మళ్ళీ చదువు."

"బస్సు నడిపిన డ్రైవరు పేరు తెలియరాలేదు."

ఆయన రోడ్డు మధ్యకు నడిచి, ఆ ఎత్తును కింది నుంచి పైకి చూశాడు. ఇక్కడ సెకండ్ గేరులో వస్తే బండి రొప్పుతుంది. ఫస్టుకు మార్చే ఆ రెప్పపాటులో పట్టు జారితే అంతే సంగతులు. అప్పటి బండికి ఈ ఎత్తు ఎక్కే ఊపిరి ఎక్కడిది? రేడియేటరులో నీళ్ళు కుతకుతలాడి ఉంటాయి. అద్దం మీద వాన. వెనక పిల్లా జెల్లా. హ్యాండు బ్రేకు మీద నమ్మకం లేక, ఎవరినో దిగి చక్రం కింద రాయి పెట్టమని కేక వేసి ఉంటాడు. ఆ కేక నిదానానికి వినపడినంత పనైంది.

మలుపు అంచున ఒకావిడ బుట్టలో జామకాయలు పెట్టుకుని కూర్చుంది. వీళ్ళ వాలకం చూసి తనే పిలిచింది.

"చదివారా? అది కాదులెండి అసలు కథ. రాణిగారు ఇక్కడే ఆగింది. మా అత్తింటి ముత్తవ్వను నీళ్ళడిగింది. చేతుల్లేవా నీకు అంది మా ముత్తవ్వ! మా ఇంట్లో ఆడవాళ్ళకి నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు?"

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా," అన్నాడాయన, "ఆ కథ కట్టింది నేను. ఊసుపోక కట్టాను. ఇక్కడ రాణీ లేదు, కడవా లేదు."

జామకాయలావిడ ఆయన్ని జాలిగా చూసింది. "మీరు కట్టారా? నేను కాపురానికి వచ్చింది మొదలు వింటున్నానే! బస్సులో పోయేవాళ్ళంతా చెప్తారు. అంతమంది అబద్ధం చెప్తారా?"

"రాయి మీద రాసింది మరి?"

"నాకు చదువొచ్చండీ. చదివాను. బస్సు ఆగిపోయిందట. బస్సు ఆగిపోవడం కూడా ఒక చరిత్రేనా? మాకు వారానికోసారి ఆగుతుంది."

తిరుగు ప్రయాణంలో భార్య నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆయన నవ్వలేదు. ఒక మనిషి వానలో నిలబడి ఇంతమందిని కాచాడు. అతనికి ఈ లోకంలో మిగిలింది ఒక్క వాక్యం, అదీ పేరు లేని వాక్యం. దాని మీద తను ఒక లేని రాణిని తెచ్చి కూర్చోబెట్టాడు. ఎవరి సీటులోనో సామాను పెట్టినట్టు అనిపించింది.

కూతురు వేరే ఊళ్ళో కాపురం ఉంటోంది. ఆమెకు చెప్పడమే ఆయనకు కష్టమైంది. ఫోనులోనే చెప్పాడు.

"అయితే రాణి లేదా నాన్నా?"

"లేదమ్మా."

"ఆ కడవ మనిషి కూడా?"

"లేదు."

"పోన్లే. మంచిదే," అంది కూతురు. గొంతులో ఏదో తేలికపడింది. "మళ్ళీ వస్తానని చెప్పి ఆ రాణి రాలేదు కదా. ఆ కడవావిడ రోజూ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుందని నేను ఎన్నిసార్లు ఏడ్చానో మీకు తెలీదు. అమ్మకు తెలుసు. ఆవిడ లేకపోతే, ఎదురుచూడ్డం కూడా లేదన్నమాటేగా."

ఆయనకు అది తెలియదు. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకున్నాడు.

రేడియో దగ్గరికి వెళ్ళి, ఇకనుంచి రాయి మీదున్నదే చెప్పమన్నాడు. రేడియో తల పట్టుకున్నాడు.

"బావా, ఆలోచించు. రాణి ఆగిందంటే జనం నవ్వుతారు. ఈ ఎత్తు మీద, ఈ మంచులో, బస్సు ఆగిందని చెప్తే దిగి పారిపోతారు. నా పొట్ట కొట్టకు. అంతగా కావాలంటే నువ్వే చెప్పుకో."

తనే చెప్పుకున్నాడు. మరుసటి వారం బస్సెక్కి, మలుపు దగ్గరపడగానే సీటు కమ్మీ పట్టుకుని లేచాడు. జీవితమంతా జనానికి వీపు చూపించిన మనిషికి ఒక్కసారిగా అన్ని మొహాలు ఎదురయ్యేసరికి కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. "నిదానం, నిదానం," అన్నాడు రేడియో వెనకనుంచి, మొదటిసారిగా చిన్న గొంతుతో.

"ఇక్కడ..." అన్నాడాయన, "ఇక్కడ ఒక బస్సు ఆగింది."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. రాయి మీదున్నది చెప్పాడు. ఎత్తులో ఇంజను ఎందుకు ఆగుతుందో, ఆగితే డ్రైవరు అరికాలికి ఎలా తెలుస్తుందో తనకు తెలిసింది చెప్పాడు. ఏది రాయి చెప్పిందో, ఏది తన ఊహో విడదీసి మరీ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. బయట తెలుపు తప్ప ఏమీ లేదు. అందరూ ఆ తెలుపులోకే చూస్తున్నారు, ఇప్పుడో ఇంకాసేపటికో దాంట్లోంచి తాళ్ళు పట్టుకున్న మనుషులు వస్తారన్నట్టు. బస్సు మలుపు తిరిగి చాలా దూరం పోయాక ఎవరో ఊపిరి వదిలారు.

అది ఆయనకు అలవాటైంది. భార్య సెలవు రోజున ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. పల్లెలో దిగి, జామకాయలు కొనుక్కుని, రోడ్డు పక్క బండరాళ్ళ మీద కూర్చుని, తర్వాతి బస్సుకు దిగివచ్చేవారు. కొన్నాళ్ళకు పల్లెలో ఆయనకు కొత్త పేరు పడింది. రాణి డ్రైవరు. మొదట్లో రాణి గురించి చెప్పే డ్రైవరు అని. మాట పొడవు ఎక్కువై అరిగిపోయింది. పై ఊరి నుంచి వచ్చేవాళ్ళకు జామకాయలావిడ వేలు పెట్టి చూపించేది: "ఆయనే, రాణిని నడిపింది."

"అమ్మా, నేనప్పటికి పుట్టనే లేదు! మా నాన్న కూడా పుట్టి ఉండడు!" అని ఆయన మొత్తుకునేవాడు.

"రాణిగారు ఆగిందని ఊరుకుంటే సరిపోయేది. అనవసరంగా మా ముత్తవ్వను తీసేశారుగా. ఇప్పుడు మీరుండండి ఆ చోట్లో," అనేది ఆమె.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె బుట్ట వదిలేసి ఎదురొచ్చింది. "మా అత్త మిమ్మల్ని చూడాలంటోంది. మంచంలో ఉంది. ఎక్కువ మాట్లాడదు. ఒక్కసారి రండి."

చిన్న గది. కిటికీ లోయ వైపుకు తెరిచి ఉంది. మంచు కిటికీలోంచి లోపలికి వచ్చి, మంచం కోళ్ళ దాకా వచ్చి, తటపటాయించి ఆగిపోయినట్టుంది. ముసలమ్మ కళ్ళ మీద పొర. చప్పుడు వైపుకు తల తిప్పింది.

"నువ్వేనా నాయనా, రాణిని నడిపింది?"

నిదానం నోరు తెరిచాడు. కాదని చెప్పడం ఆయనకిప్పుడు బాగా అలవాటు. అంతలో ఆమె చెయ్యి గాలిలో వెతుకుతూ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. పక్షి బరువు కూడా లేదు ఆ చేతికి.

"మా అమ్మ అప్పుడు చంటిదట. మా అమ్మమ్మ ఒళ్ళో ఉందట. ఏడ్చిందా?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఏమీ సాయం చెయ్యలేదు.

"లేదమ్మా. నిద్రపోయింది. ఇంజను చప్పుడుకు చంటివాళ్ళు బాగా నిద్రపోతారు."

"ఇంజను ఆగిపోయింది కదా?"

ముసలమ్మ కళ్ళు పోయాయి గాని బుర్ర పోలేదు. జామకాయలావిడ గుమ్మంలో కిసుక్కుమంది.

"ఆగాక లేచింది," అన్నాడు నిదానం.

"అప్పుడు ఏడ్చిందా?"

"కొంచెం."

"అనుకున్నా," అని ముసలమ్మ తృప్తిగా తల దిండు మీద పెట్టింది. "మా అమ్మ ఊరుకునే రకం కాదు." కాసేపటికి మళ్ళీ అంది, ఈసారి గొంతు తగ్గించి, "నీ కోటు సంగతే నాయనా. నువ్వు మా అమ్మ మీద కప్పి, వానలో బయట నిలబడ్డావట. ఆ కోటు తిరిగి ఇవ్వలేదు. నువ్వెటు పోయావో తెలీలేదు. మా అమ్మమ్మ పోయేదాకా అదే మాట. పరాయి సొమ్ము ఇంట్లో ఉండిపోయిందని."

రేకుల మీద వాన పలచగా మొదలైంది. రాయి మీద ఈ ముక్క లేదు. సంఘం వాళ్ళకు ఇది ఎవరూ చెప్పలేదు. అడిగి ఉండరు. ఆ మనిషికి ఒక కోటుంది. తడిసిన చొక్కాతో, ఆగిన బండి పక్కన నిలబడ్డాడు. ఇన్నాళ్ళకు అతని భుజాలు కనపడ్డాయి.

"అది ఉంచుకోమనే ఇచ్చానమ్మా," అన్నాడు. ఆ గొంతు తనదిగా అనిపించలేదు. "మళ్ళీ అడగడానికి కాదు."

ముసలమ్మ వేళ్ళు వదులయ్యాయి. నిద్రపోయిందేమో అనుకుని వాళ్ళు లేచారు. గుమ్మం దాటుతుంటే, "జాగ్రత్తగా వెళ్ళు నాయనా, దారి బాలేదు," అని వినపడింది.

వానలో తడుస్తూ ఇద్దరూ రోడ్డెక్కారు. కొంతదూరం పోయాక భార్య గొడుగు తెరిచి ఆయన వైపుకు వంచింది.

"మళ్ళీ కథ కట్టారు," అంది.

"ఊఁ."

"మీరు కట్టింది మాత్రం బస్సులో చెప్పకండి."

"చెప్పను."

దిగే బస్సు వచ్చింది. రేడియో చెయ్యి పట్టి ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. అద్దాల మీద ఊపిరి పొగ, తడి బట్టల వాసన, కునికిపాట్లు పడుతున్న తలలు. బస్సు మలుపులోకి వంగింది. నిదానం సీటు కమ్మీ పట్టుకుని లేచి, ఎప్పుడూ చెప్పేదంతా చెప్పాడు. డ్రైవరు పేరు తెలియరాలేదు అన్న చోట కొంచెం ఆగాడు.

"అతని దగ్గర ఒక కోటుండేది," అన్నాడు. "దాన్ని చంటిపిల్ల మీద కప్పాడు. ఇది రాయి మీద లేదు. ఆ పిల్ల కూతురు చెప్పింది."

ఇంకేమీ అనకుండా భార్య పక్కన కూర్చున్నాడు. ముందు సీటులో ఒకామె వెనక్కి తిరిగి, "ఏ రంగు కోటండీ?" అని అడిగింది.

"తెలీదమ్మా," అన్నాడు. "వచ్చే వారం అడిగి చెప్తాను."